ఎడమ చక్రం

ఉదయం ఆరూ నలభై అయిదుకి నాన్నగారు తలకి రాసుకునే కొబ్బరినూనె సీసాను వీధి మెట్టు మీద పెట్టారు. టైము గుర్తుండడానికి కారణం రేడియో. అప్పుడే ప్రాంతీయ వార్తలు మొదలయ్యాయి. ఎండ ఇంకా మెట్టు మీదికి రాలేదు. వచ్చేసరికి సీసా అక్కడ ఉండాలన్నది ఆయన పద్ధతి. డిసెంబరులో కోనసీమలో ప్రతి ఇంట్లోనూ చేసే పనే ఇది. చలికి నూనె తెల్లగా పేరుకుపోతుంది, సీసా తలకిందులు చేసినా దిగదు. కాసేపు ఎండ తగిలితే కరుగుతుంది.

ఇందులో విశేషమేమీ లేదు. అయినా అన్నయ్య పోయాక గడిచిన ఈ ఏడాదిలో ఆ రోజుని తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు కనిపించేది ఆ సీసా. విమానం ఆ తర్వాత.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. మాది మామిడికుదురుకి దగ్గర ఊరు. నాన్నగారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ అప్పటికే లేదు. నేను అదే స్కూల్లో టీచరుగా చేరాను. అన్నయ్య ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు చదివి గల్ఫ్ వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు నాన్నగారు గుడిలో, అంటే మా చర్చిలో, ప్రత్యేక ప్రార్థన చేయించారు. అంచేత ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఒప్పందం పూర్తి కాకుండానే అన్నయ్య తిరిగొచ్చేశాడు. అదీ తెలియనివాళ్ళు లేరు.

ఎందుకు వచ్చేశాడో నాకు చెప్పాడు. ఎత్తు పరంజా మీద తన పక్కన పనిచేసేవాడు జారి పడి చచ్చిపోయాడు. ఆ తర్వాత అన్నయ్యకి నిచ్చెన మొదటి మెట్టు దగ్గరే కాళ్ళు ఆగిపోయేవట. నాన్నగారికి చెప్పలేదు. నాన్నగారు అడగలేదు. పని మధ్యలో వదిలేసి వచ్చినవాడు అన్నది ఆయన నిర్ణయం. ఆ రోజు నుంచి కొడుకుతో మాట మానేశారు.

మాట మానేయడం మా వైపు ఇళ్ళల్లో ఎరగని సంగతి కాదు. మానేసినవాళ్ళు ఒకే చూరు కింద ఉంటారు, ఒకే బల్ల దగ్గర అన్నం తింటారు. మూడో మనిషిని పెట్టుకుని మాట్లాడుకుంటారు. మా ఇంట్లో మూడో మనిషిని నేనే.

"వాణ్ణి పెరుగేసుకోమను" అనేవారు నాన్నగారు, అన్నయ్య ఎదురుగా ఉండగానే.

"వద్దని చెప్పు చెల్లీ" అనేవాడు అన్నయ్య.

ఇద్దరికీ రెండు మాటలూ వినిపించేవి. అయినా నేను మళ్ళీ చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ నా మొహంకేసి చూసేవారు.

అన్నయ్య గల్ఫ్ నుంచి తెచ్చిన సామానులో పొడుగాటి అట్టపెట్టె ఒకటుంది. అందులో వీడియో డెక్కు ఉందని ఊళ్ళో అనుకున్నారు. పక్కింటి బాబాయిగారు, కొబ్బరి వ్యాపారం చేసే ఆయన, చూడ్డానికి వచ్చి ఇంట్లోవాళ్ళకంటే ముందు పెట్టె పక్కన చతికిలబడ్డారు. విప్పితే చెక్కరేకులూ, సన్నటి పుల్లలూ, చుట్టిన పెద్ద కాగితం, గుడ్డలో మూటకట్టిన ఇంజను.

"ఇదేంట్రా అబ్బాయ్! అరబ్బు దేశం నుంచి పుల్లలు మోసుకొచ్చేవా? మన కొబ్బరి ఈనెలు చాల్లేదేంట్రా?"

"విమానం బాబాయిగారూ. కట్టాలండి."

"ఎంతమంది పడతారు?"

"ఎవరూ పట్టరండి. కింద నిలబడి రేడియోతో నడపాలి."

"మరి నువ్వు దాంట్లోనే వచ్చేవేమో, అందుకే అంత తొందరగా దిగిపోయేవనుకున్నాను" అని బాబాయిగారు నవ్వారు. నాన్నగారు లోపలి గదిలో ఉన్నారు. ఆ నవ్వు ఆయనకి వినిపించే ఉంటుంది.

ఆ పెట్టె ఎలా వచ్చిందంటే, క్యాంపులో ఒక తెల్లాయన, ఇంజినీరు, శుక్రవారాలు ఎడారిలో ఇలాంటి విమానాలు ఎగరేసేవాడు. అన్నయ్య సెలవు రోజున వెళ్ళి, ఇంజను తిరుగుతుంటే తోక పట్టుకుని, ఆయన చెప్పినప్పుడు వదిలేవాడు. ఆయన దేశం వెళ్ళిపోతూ తను కట్టకుండా ఉంచేసిన పాత పెట్టె ఒకటీ, వాడిన రేడియో ఒకటీ అన్నయ్యకి ఇచ్చేశాడు. ఆ నమూనాకి అప్పటికే వయసైపోయిందట. పోటీల్లో గెలిచిన రోజులు పాతబడ్డాయి. గాలిలో పల్టీలు కొట్టడానికి, బోర్లా తిరిగి ఎగరడానికి చేసిన రకం అది. నేలమీంచి లేచాక దాని చక్రాలు రెక్కల్లోకి ముడుచుకుంటాయి, దిగేముందు మళ్ళీ చాచుకుంటాయి. అన్నయ్యకి ఆ విమానంలో అన్నిటికంటే ఇష్టం ఆ చక్రాలే.

వానాకాలం అంతా కట్టాడు. రెక్క వంకర రాకుండా ఉండాలంటే దాన్ని చదునైన పలక మీద కట్టాలి. మా ఇంట్లో చదునైనది ఏదీ లేదు. చివరికి పశువుల పాక తలుపు ఊడదీసి, చిత్రిక పట్టి, వసారాలో రెండు బెంచీల మీద వేశాడు. దాని మీద ఆ పెద్ద కాగితం పరిచి, జిగురు అంటుకోకుండా కాగితమంతా కొవ్వొత్తితో రుద్దాడు. ఆ చెక్క పేరు బాల్సా. జీలుగు బెండు కంటే కొంచెం గట్టిగా ఉంటుంది, అంతే. గోరు గుచ్చితే దిగుతుంది. మా తేమకి రేకులు వంగిపోతుంటే రాత్రిళ్ళు వాటిని వంటింట్లో పొయ్యికి కాస్త దూరంలో పెట్టేవాడు. నా కుట్టుపెట్టెలో గుండుసూదులన్నీ దానికే పోయాయి. పైన అతికించే ప్లాస్టిక్ కాగితాన్ని వేడితో సాగదీయాలి. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ప్రయత్నించి ఎడమ రెక్క మీద ఒకచోట కాల్చాడు. క్రిస్మస్ స్టారుకి తెచ్చిన ఎర్ర కాగితం ముక్క అక్కడ అతికించాడు.

ఆ పనిలో అందం ఉందని నేను రాయను. పని ఉంది. అన్నయ్య గల్ఫ్ నుంచి వచ్చాక నిద్రపట్టే మనిషి అయింది ఆ పని మొదలుపెట్టాకనే.

అతనికి కావలసింది ఒకటే. నాకు ఒకేసారి చెప్పాడు, రెక్క మీద గరుకు కాగితం రుద్దుతూ.

"ఎగిరేరోజు నాన్నగారు రావాలి చెల్లీ. వచ్చి ఒక్క మాట అనాలి. తిట్టినా పర్లేదు. నీతో కాదు, నాతో."

నాన్నగారు పట్టించుకోనట్టే ఉండేవారు. కానీ అన్నయ్య బజారుకి వెళ్ళినప్పుడు వసారాలో ఆయన చెప్పుల చప్పుడు ఆ తలుపు దగ్గర ఆగేది. ఒకరోజు అన్నం దగ్గర హఠాత్తుగా అన్నారు:

"వాణ్ణడుగు, దానికి కాళ్ళు లోపలికెందుకు ముడుచుకోవాలో."

"గాలి తగలకుండా అని చెప్పు. కాళ్ళు వేలాడుతుంటే పల్టీ సరిగా రాదని చెప్పు" అన్నాడు అన్నయ్య. ముద్ద చేతిలోనే ఉంది.

నేను చెప్పాను. నాన్నగారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టారు.

"ముడవడంలో గొప్పేంలేదని చెప్పు. వేళకి చాపడంలో ఉంది."

అన్నయ్య ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు. ఆయన తన పని గురించి ఆలోచించారని.

ఆ చక్రాలు గాలితో పనిచేసేవి. విమానం కడుపులో చిన్న లోహపు సీసా ఉంటుంది, దాంట్లోకి పంపుతో గాలి ఎక్కించాలి. కింద రేడియో మీద మీట నొక్కితే ఆ గాలి కాళ్ళని ముడుస్తుంది, ఇంకోవైపు నొక్కితే చాపుతుంది. కాలు మడతపడే కీలు దగ్గర నూనె వెయ్యకూడదని ఆ తెల్లాయన గట్టిగా చెప్పాడట. నూనెకి ఇసక అంటుకుంటుంది. పెన్సిలు ములుకు గీకి ఆ పొడి వెయ్యాలి, అంతే. అన్నయ్య అలాగే చేసేవాడు. కుడి కాలు చప్పుడు లేకుండా మడతపడేది. ఎడమది కిర్రుమనేది.

నాన్నగారికి కిర్రు అన్న చప్పుడు పడదు. మా ఇంట్లో ఏ తలుపూ కిర్రుమనేది కాదు. ప్రతి శనివారం సాయంత్రం ఆయన ఒక గిన్నెలో మా చెట్ల కొబ్బరినూనె పోసుకుని, కోడి ఈక ఒకటి పట్టుకుని ఇల్లంతా తిరిగేవారు. తలుపు బందులు, గొళ్ళేలు, తాళాలు, గొడుగు, సైకిలు, నా కుట్టుమిషను. ఇంట్లో అయిపోయాక గుడికి వెళ్ళి అక్కడి హార్మోనియం తొక్కుడుబల్లకీ, గేటుకీ కూడా ఈకతో రాసేవారు. మా ఊళ్ళో అందరూ ఇలాంటివాటికి కొబ్బరినూనే వాడేవారు. చెట్లున్నాయి, నూనె ఉంది. వేరే నూనె కొనాలన్న ఊహే ఉండేది కాదు.

క్రిస్మస్ ముందు వారంలో విమానం తయారైంది. సోమవారం పొద్దున్నే, గాలి లేవకముందు, ఎగరేద్దామన్నాడు అన్నయ్య. శనివారం సాయంత్రం ఇంజనుకి కావలసిన స్పిరిట్టు కోసం అమలాపురం వెళ్ళాడు. దాంట్లో ఆముదం కలిపితే ఆ ఇంజను తాగుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక వసారాలో చక్రాలు పరీక్షించాడు. రెండూ మడతపడ్డాయి, రెండూ చాచుకున్నాయి.

"విన్నావా చెల్లీ? కిర్రు పోయింది. పెన్సిలు పొడి ఇప్పటికి పట్టింది."

తేమ తగలకుండా ఆ రాత్రి విమానాన్ని వంటింట్లో, పొయ్యి ఉన్న వైపు పెట్టాడు.

సోమవారం పొద్దున్న నాన్నగారు సీసా మెట్టు మీద పెట్టాక, చేతికర్ర తీసుకున్నారు. మేము రెక్కనీ ఒంటినీ విడదీసి, ఉన్ని రగ్గుల్లో చుట్టుకుని బయల్దేరాం. ఆయన మా వెనక కొంచెం దూరంలో నడుస్తున్నారు. అన్నయ్య వెనక్కి తిరగలేదు. కానీ నడక తగ్గించాడు.

మా ఊరవతల ఒక మెరక స్థలం ఉండేది. చమురు కోసం తవ్వేవాళ్ళు వచ్చి, వరిచేలు మెరక చేసి, గ్రావెలు పోసి రోలరు తొక్కించి, బోరు దింపి, ఏమీ పడలేదని వెళ్ళిపోయారు. మధ్యలో సిమెంటు దిమ్మ ఒకటి మిగిలింది. మా వైపు అంత చదునైన గట్టినేల ఇంకెక్కడా లేదు. అక్కడికి వెళ్ళేసరికే బాబాయిగారూ, ఇంకొందరూ తలగుడ్డలు చెవులకి చుట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏవండీ మాస్టారూ, తమరూ వచ్చేరా?"

"నడకకండి" అన్నారు నాన్నగారు.

"మంచిదండి. ఒరే అబ్బాయ్, ఇది గానీ నా చెట్టెక్కితే బెంగపడకు. ఎలాగూ రేపు దింపు ఉంది. కాయలతోపాటు దీన్నీ దింపించేస్తాను."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు అన్నయ్య.

రెక్క బిగించాడు, గాలి ఎక్కించాడు. వేలితో పంకా తిప్పుతుంటే అది ఎదురుతన్ని వేలు చీరింది. నోట్లో పెట్టుకుని మళ్ళీ తిప్పాడు. ఇంజను అందుకుంది. కాలిన ఆముదం వాసన. తోక నేను పట్టుకోవాలి, అలా అనుకున్నాం. నేను వంగబోతుంటే నాన్నగారు చేతికర్ర నా చేతికిచ్చారు. పంచె ఎగగట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో తోక పట్టుకున్నారు.

అన్నయ్య ఒక్క క్షణం నావైపు చూశాడు. అక్కడ నా అవసరం లేదు.

"నేను చెయ్యెత్తగానే వదిలెయ్యండి నాన్నగారూ."

"అలాగే" అన్నారు నాన్నగారు.

"వాడికి చెప్పు" అనలేదు. "అలాగే" అన్నారు. ఇంజను చప్పుడులో కూడా నేను విన్నాను. అన్నయ్య కూడా విన్నాడు, ఎందుకంటే చెయ్యెత్తడానికి ఆలస్యం చేశాడు.

విమానం గ్రావెలు మీద పరిగెత్తి లేచింది. చక్రాలు రెండూ రెక్కల్లోకి పోయాయి. పైకి వెళ్ళి గుండ్రంగా పల్టీ కొట్టింది. పొడుగునా దొర్లింది. తలకిందులుగా మా మీదుగా వెళ్ళింది, ఎడమ రెక్క మీద ఎర్ర కాగితం ముక్క కనిపించింది. బాబాయిగారు నోరు తెరిచి, జోకు వెయ్యడం మర్చిపోయారు. నాన్నగారు మోకాళ్ళ మీంచి లేవలేదు. అలాగే కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. చలిగాలి చెవులకి తగులుతోంది.

దించేముందు అన్నయ్య మీట నొక్కాడు. కుడి చక్రం వచ్చింది. ఎడమది రాలేదు. మళ్ళీ ముడిచి మళ్ళీ నొక్కాడు. కుడి ఒక్కటే. పైకి తీసుకువెళ్ళి విదిలించి చూశాడు. అతని పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో ఏమో. ఇంకొక చుట్టు తిప్పాడు. ఇంజనులో స్పిరిట్టు అయిపోయి చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అది ఒంటికాలి మీద దిగింది. కొంతదూరం సవ్యంగానే పరిగెత్తింది. తర్వాత ఎడమ రెక్క కొస నేలకి తగిలి, గిర్రున తిరిగి సిమెంటు దిమ్మకి కొట్టుకుంది.

వానాకాలం అంతా కట్టింది విరగడానికి టైము పట్టలేదు.

బాబాయిగారే ముందు మాట్లాడారు. "పోన్లేరా అబ్బాయ్. ఎగిరింది కదా. గొప్పగా ఎగిరింది."

నాన్నగారు లేచి పంచె దులుపుకున్నారు. నా దగ్గరికి వచ్చి చేతికర్ర తీసుకున్నారు. నాకేసి చూస్తూ, అందరికీ వినిపించేటట్టు అన్నారు:

"చాపడంలో ఉందని చెప్పేనా లేదా? ఏదీ చివరికంటా చెయ్యడని చెప్పు వాడికి."

చెప్పనక్కర్లేదు. అన్నయ్య పక్కనే ఉన్నాడు. నాన్నగారు ఇంటివైపు నడిచారు. జనం కూడా ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు.

అన్నయ్య ముక్కల దగ్గర కూర్చుని ఎడమ రెక్కని వెల్లకిలా తిప్పాడు. చక్రం ఇంకా దాని గూట్లోనే ఉంది. వేలితో లాగితే బరువుగా, మొరాయిస్తూ వచ్చింది. కీలు నిండా తెల్లగా ఉంది. గోటితో గీకి చూశాడు. మైనంలా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, నాకు చూపించాడు. పేరుకుపోయిన కొబ్బరినూనె. అందులో ఇరుక్కుని చిన్న ఈక తునక.

మా ఇద్దరికీ తెలుసు. మా ఇంట్లో ఈకతో నూనె రాసే మనిషి ఒక్కరే. శనివారం గిన్నె పట్టుకుని తిరుగుతూ దీని దగ్గరా ఆగారు. కిర్రుమనేది ఎడమది గనక ఎడమదానికే రాశారు. వంటింటి వెచ్చదనంలో, రగ్గులో, ఆ నూనె నూనెలాగే ఉంది. పైన చలిగాలిలో సీసాలో పేరుకున్నట్టే పేరుకుంది. పొద్దున్నే తన సీసాని ఎండలో పెట్టుకున్న మనిషికి ఆ సంగతి తట్టలేదు.

"చెప్తాను" అన్నాను. "ఇప్పుడే వెళ్ళి చెప్తాను, అందరి ముందూ."

అన్నయ్య స్పిరిట్టు గుడ్డ తీసుకుని కీలు తుడిచేశాడు. ఈక తునకని కూడా.

"గాలి సరిపోలేదని చెప్పు" అన్నాడు. "నేనే తక్కువ ఎక్కించేనని చెప్పు."

"అన్నయ్యా..."

"చెప్పు చెల్లీ."

ఇంటికి వెళ్ళేసరికి నాన్నగారు మెట్టు మీద కూర్చుని, కరిగిన నూనె తలకి రాసుకుంటున్నారు. నేను అన్నయ్య చెప్పమన్నదే చెప్పాను. ఆయన "అనుకున్నాను" అన్నారు.

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఆ విమానం కథ చెప్పారు. పెళ్ళిళ్ళలో, బారసాలల్లో, గుడి కమిటీలో. మావాడి విమానానికి కాలు రాలేదండి అని మొదలుపెట్టేవారు. బాగా చెప్పేవారు, జనం నవ్వేవారు. అన్నయ్య అక్కడుంటే అతనూ నవ్వేవాడు. కొన్నాళ్ళకి అతను మళ్ళీ గల్ఫ్ వెళ్ళాడు, నేలమీద షెడ్డులో తలుపులు చేసే పనికి. సెలవుల్లో వచ్చేవాడు. నాన్నగారు నన్ను పిలిచి, వాణ్ణి కాఫీ తాగుతాడేమో అడుగు అనేవారు. చివరిదాకా అంతే. ఆ మెరక మీద అన్న "అలాగే" తర్వాత ఆయన కొడుకుతో నేరుగా అన్న మాట ఇంకొకటి లేదు.

నాన్నగారి జ్ఞాపకార్థ కూటంలో పాస్టరుగారు ఆయన శ్రద్ధ గురించి చెబుతూ, ఆయన ఇంట్లో ఏనాడూ ఒక తలుపు కిర్రుమనలేదు అన్నారు. నేను అన్నయ్యకేసి చూశాను. అతను తన చెప్పులకేసి చూస్తున్నాడు.

ఆ సాయంత్రం అడిగాను, ఇప్పటికైనా చెప్పు, ఎందుకు దాచావు అని.

"నేను వచ్చాక ఆయన నా వస్తువు ముట్టుకుంది అదొక్కసారే చెల్లీ. ఆయనంతట ఆయన."

"ముట్టుకుని పాడుచేశారు."

"పాడుచేద్దామని రాయలేదుగా."

దీన్ని ప్రేమ అంటారు కొందరు. ఈ కథ విన్న ఒకరిద్దరు అన్నారు కూడా, కళ్ళు తుడుచుకుంటూ. నాకు ఆ మాట రాదు. ఒకాయన తన తప్పు తెలియకుండానే దర్జాగా వెళ్ళిపోయారు. ఇంకొకతను చెయ్యని తప్పు మోసుకుంటూ, ఆ మోతలో తండ్రి చెయ్యి ఉందని సంతోషించాడు. వాళ్ళ మధ్య మాటలు మోసిన నేను మిగిలాను. మోసిన మాటల్లో ఒకే ఒక్క అబద్ధం ఉంది, ఇంట్లో నిలిచింది కూడా అదే.

అన్నయ్య కిందటేడు పోయాడు. అతని పనిముట్ల పెట్టెలో ఆ ఎడమ కాలు ఉంది, ఇనప ముక్క, చిన్న రబ్బరు చక్రంతో. పొడి గుడ్డలో చుట్టి ఉంది. వేలితో మడిచి చూశాను. కిర్రుమంది.

ఇప్పుడు ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. వీధి తలుపు, వంటింటి తలుపు, పెరటి గేటు కూడా కిర్రుమంటాయి. శనివారాలు ఎవరూ నూనె రాయరు.